ఇంట్లోనే సయనోటైప్ ప్రింట్లు ఎలా చేయాలి: కెమికల్ కలపడం నుంచి డాబా మీద ఎండ దాకా

నా నీలం ప్రింట్లు చూసినవాళ్ళల్లో సగం మంది "ఇది ఏ యాప్‌లో ఫిల్టరండి" అంటారు. మిగతా సగం మంది "కెమికల్స్ ఎక్కడ దొరుకుతాయి, ఎంత కలపాలి, నేను చేస్తే నీలమంతా నీళ్ళల్లో కొట్టుకుపోయింది ఎందుకు" అని అడుగుతారు. మొదటివాళ్ళకి జవాబు చిన్నదే, ఫిల్టర్ కాదండి, ఎండ. రెండోవాళ్ళకి విడివిడిగా చెప్పీ చెప్పీ నాకే ఓపిక అయిపోయింది, అందుకే మొత్తం ఒకేచోట రాసేస్తున్నా, కొంచెం పొడుగ్గా ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి.

సయనోటైప్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తా. ఇనుము లవణాలు రెండు కలిపి కాగితానికి పూస్తాం, ఎండలో ఉండే అల్ట్రావయొలెట్ తగిలినచోట అవి నీలంగా మారి కాగితాన్ని పట్టుకుంటాయి, తగలనిచోట నీళ్ళల్లో కడిగితే పోతాయి. 1842లో ఇంగ్లండ్‌లో జాన్ హెర్షెల్ అనే సైంటిస్టు కనిపెట్టాడు. ఆ మరుసటి ఏడాది నుంచే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుని నేరుగా కాగితాల మీద పరిచి ప్రింట్లు తీయడం మొదలుపెట్టింది, కెమెరా లేకుండా. బిల్డింగ్ ప్లాన్‌ని బ్లూప్రింట్ అంటాం కదా, ఆ బ్లూ ఇదే.

"ఆల్టర్నేటివ్ ప్రాసెస్‌లు, అంటే ఇలా చేత్తో ప్రింట్ తీసే పాత పద్ధతులు, బోలెడున్నాయి కదా, ఇదే ఎందుకు" అంటారా. ఉన్నాయి. గుడ్డు తెల్లసొనతో చేసే ఆల్బుమెన్ ఉంది, ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కాలంలో ప్రింట్లు అలా తీసేవాళ్ళు. గమ్ బైక్రోమేట్ ఉంది, వాన్ డైక్ బ్రౌన్ ఉంది, ప్లాటినం ఉంది. కానీ ఆల్బుమెన్‌కీ వాన్ డైక్‌కీ సిల్వర్ నైట్రేట్ కావాలి, దాని రేటు చూస్తే నిద్రపట్టదు, గమ్‌లో వాడే డైక్రోమేట్ క్యాన్సర్ తెచ్చే రకం, ఇంట్లో పిల్లలున్నవాళ్ళు దాని జోలికి పోవద్దనే చెప్తా. సయనోటైప్‌కి డార్క్‌రూమ్ అక్కర్లేదు, బొమ్మని తేల్చే డెవలపర్ కూడా నీళ్ళే. ముందు దీని మీద చెయ్యి కుదిరితే మిగతావి తర్వాత చూసుకోవచ్చు. వారానికో ప్రాసెస్ పట్టుకుని దేంట్లోనూ రెండో ప్రింట్ తీయనివాళ్ళని చాలామందిని చూశా, ఒకప్పుడు నేనూ అదే బ్యాచ్.

ఏమేం కావాలి

- ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, ఆకుపచ్చ రకం. గోధుమ రంగుది కూడా ఉంటుంది, అది వెలుతురుకి అంత చురుగ్గా స్పందించదు, పచ్చదే అడగండి.
- పొటాషియం ఫెర్రిసయనైడ్. ఎర్రటి స్ఫటికాలు. షాపువాడు పసుపు రంగు స్ఫటికాలు ఇస్తే అది ఫెర్రోసయనైడ్, వేరే కెమికల్, దాంతో పని జరగదు. రెండూ కాలేజీ ల్యాబులకి సప్లై చేసే కెమికల్ షాపుల్లో దొరుకుతాయి, ల్యాబ్ గ్రేడ్ చాలు.
- డిస్టిల్డ్ వాటర్. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేది. బ్యాటరీ వాటర్ అని అడిగి తెచ్చుకోండి, బ్యాటరీ యాసిడ్ కాదు, లేబుల్ రెండుసార్లు చూడండి.
- 0.1 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా, సూది లేని సిరంజిలు రెండు, ముదురు రంగు సీసాలు రెండు. దగ్గు మందు ఖాళీ సీసాలు బాగా కడిగితే బ్రహ్మాండంగా పనికొస్తాయి.
- ఫోమ్ బ్రష్, లేదా మెటల్ పట్టీ లేని మెత్తటి బ్రష్. మామూలు పెయింట్ బ్రష్ పట్టీకి తుప్పు ఉంటే కాగితం మీద నీలం చుక్కలు పడతాయి. వేరే దారి లేకపోతే పట్టీ చుట్టూ టేపు గట్టిగా చుట్టేయండి.
- 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) వాటర్‌కలర్ పేపర్. కాటన్‌ది అయితే ఇంకా మంచిది.
- పాత ఫోటో ఫ్రేమ్ అద్దం, అదే సైజు ప్లైవుడ్ లేదా గట్టి అట్ట, బైండర్ క్లిప్పులు నాలుగు.
- ప్లాస్టిక్ టబ్బులు రెండు, గ్లవుజులు, పాత న్యూస్‌పేపర్లు, పెన్సిలు, ఒక నోట్‌బుక్.
- వెనిగర్ లేదా నిమ్మకాయ, మెడికల్ షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ చిన్న సీసా.

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు, ఇది దాటేసి కిందకి పోకండి

పేర్లో సయనైడ్ ఉందని భయపడి ఇంట్లోవాళ్ళు గొడవ చేస్తారు, మా ఇంట్లో కూడా అయింది. ఫెర్రిసయనైడ్‌లో సయనైడ్ ఇనుముకి గట్టిగా అంటుకుని ఉంటుంది, మామూలుగా వాడినంతసేపు విడిపోదు. కానీ ఘాటైన యాసిడ్ తగిలినా, మంట మీద వేడిచేసినా విషవాయువు వస్తుంది. అంటే ఏంటి, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ గానీ బ్యాటరీ యాసిడ్ గానీ ఈ కెమికల్ దరిదాపుల్లో ఉండకూడదు, మిగిలిన ద్రావణం యాసిడ్ పోసిన తూములో ఒంపకూడదు, స్టవ్ మీద పెట్టకూడదు. కింద మనం వాడే చెంచాడు వెనిగర్, నిమ్మరసం చాలా పల్చన, వాటితో ఇబ్బంది లేదు.

పౌడర్ తూచేటప్పుడు ఫ్యాన్ ఆపండి, మాస్క్ పెట్టుకోండి. వంటింటి గిన్నెలు, చెంచాలు ఇందులోకి వద్దు, ఇందులో వాడినవి మళ్ళీ వంటింట్లోకి వద్దు. సీసాల మీద పేరు, తేదీ, "తాగరాదు" అని పెద్దక్షరాలతో రాసి పిల్లలకి అందని అరలో పెట్టండి. గ్రానైట్ మీద, మొజాయిక్ ఫ్లోర్ మీద చుక్క పడితే వెంటనే తుడవండి, ఎండ తగిలాక ఆ నీలం మచ్చ ఎక్కడికీ పోదు.

1. ద్రావణాలు కలపడం

మొదటిసారికి చిన్న కొలతే చాలు.

'ఏ' (A) సీసా: 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 12.5 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్.
'బి' (B) సీసా: 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 5 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్.

విడివిడిగా ఉన్నంతకాలం ఇవి నెలల తరబడి ఉంటాయి. 'ఏ' సీసాలో కొన్ని వారాలకి పైన బూజు కడుతుంది, కంగారుపడి పారబోయకండి, కాఫీ ఫిల్టర్‌లోనో పల్చటి గుడ్డలోనో వడగడితే సరిపోతుంది. రెండూ కలిపాక మాత్రం ఆ పూటే వాడేయాలి. అందుకే ఎన్ని కాగితాలు పూస్తారో లెక్కేసుకుని అంతే కలపండి. ఏ4 సైజుకి మొత్తం 3 మిల్లీలీటర్లు, అంటే 'ఏ' సీసాలో నుంచి ఒకటిన్నర, 'బి' సీసాలో నుంచి ఒకటిన్నర. ఆ లెక్కన పైన చెప్పిన 100 మిల్లీలీటర్లకి ముప్పై పైచిలుకు ప్రింట్లు వస్తాయి. సిరంజిలు మార్చుకోవద్దు, ఏది దేనిదో మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

2. కాగితానికి పూయడం

రాత్రిపూట చేయండి, అదే తేలిక. కిటికీ కర్టెన్లు వేసి, మూలన చిన్న పసుపు బల్బు పెట్టుకుంటే చాలు, చీకట్లో తడుముకోవాల్సిన పనిలేదు. నెత్తిమీద ట్యూబ్‌లైట్ మాత్రం వద్దు.

ముందు కాగితం వెనక పెన్సిల్‌తో తేదీ, పేపర్ పేరు రాయండి. పూశాక రాద్దాంలే అనుకుంటే తడి కాగితం మీద రాయలేరు, ఆరాక మర్చిపోతారు. ఇప్పుడు ద్రావణం మధ్యలో పోసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, తేలికపాటి చేత్తో లాగండి. రుద్దకండి, కాగితం నూగు లేస్తుంది. గుంటలుగా నిలబడిన ద్రావణం ఉంటే బ్రష్ పిండి దాంతోనే లాగేయండి. అంచులు బ్రష్ గీతలతో వంకరటింకరగా ఉంటే బాగుంటుందని కొందరు, స్కేలు పెట్టినట్టు ఉండాలని కొందరు, మీ ఇష్టం. నాకైతే బ్రష్ గీత కనిపిస్తేనే చేత్తో చేసినట్టు ఉంటుంది.

ఆరబెట్టేది కూడా చీకట్లోనే, అట్ట మీద పడుకోబెట్టి, ఫ్యాన్ కింద గంటో గంటన్నరో. హెయిర్ డ్రయ్యర్ వాడితే చల్లగాలి మీదే పెట్టండి. వేలితో ముట్టుకుంటే పొడిగా, చల్లదనం లేకుండా ఉండాలి, తడి మిగిలితే నెగటివ్ (తెలుపు నలుపులు తిరగేసిన బొమ్మ ఉన్న షీట్, కింద చెప్తా) అంటుకుని రెండూ పాడవుతాయి.

చెక్ చేయడం ఎలా: ఆరిన కాగితం పసుపుపచ్చగా, లేత ఆకుపచ్చ ఛాయలో ఉండాలి. చీకట్లో ఉండగానే నీలంగా మారుతుంటే ఎక్కడో తేడా ఉంది, చాలాసార్లు కాగితానిదే తప్పు. ఇంకోటి, కొన్ని పేపర్లలో ఏళ్ళ తరబడి పసుపెక్కకుండా ఉండటానికి సున్నపు పదార్థం కలుపుతారు, అది ఈ నీలానికి శత్రువు. అందుకని కొత్త పేపర్ కొనగానే ప్యాకంతా పూసేయకుండా చిన్న ముక్కకి పూసి ఒక రాత్రి బీరువాలో పెట్టి చూడండి.

విజయవాడ, కాకినాడ, వైజాగ్ వైపు ఉండేవాళ్ళకి ఇంకో మాట, గాలిలో తేమకి పూసిన కాగితం ఒకటి రెండు రోజుల్లోనే చెడిపోతుంది. రాత్రి పూసి పొద్దున్నే వాడేయండి. ఆగాల్సివస్తే నల్ల కవర్లో చుట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి డబ్బాలో పెట్టండి.

3. నెగటివ్ తయారుచేయడం

మొదటి నాలుగైదు ప్రింట్లకి అసలు నెగటివ్ జోలికి పోకండి. మునగాకు రెమ్మ, గడ్డిపూలు, లేసు ముక్క, అమ్మ పాత క్రోషియా గుడ్డ, పిండి జల్లెడ, ఏదైనా నేరుగా కాగితం మీద పెట్టి ఎండలో పెట్టండి. బియ్యప్పిండితో ముగ్గు వేసి కూడా చేయొచ్చు, చాలా బాగా వస్తుంది, కాకపోతే అద్దం పెట్టలేరు కాబట్టి గాలి లేని చోటు చూసుకోవాలి, కడిగేముందు పిండి దులిపేయాలి. రాతిముగ్గు వాడకండి, అది తడిస్తే నీలాన్ని తినేస్తుంది.

ఫోటో ప్రింట్ చేయాలంటే ఇలా:

ఫోన్లో ఫోటోని బ్లాక్ అండ్ వైట్ చేయండి, కాంట్రాస్ట్ కొంచెం పెంచండి, తర్వాత ఇన్వర్ట్ చేయండి, తెలుపు నలుపవ్వాలి. తర్వాత అడ్డంగా ఫ్లిప్ చేయండి. ఫ్లిప్ ఎందుకంటే ఇంకు ఉన్న వైపు కాగితానికి ఆనించి పెడతాం, అప్పుడే గీతలు పదునుగా వస్తాయి, ఫ్లిప్ చేయకపోతే షాపు బోర్డు మీద అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు వస్తాయి.

జిరాక్స్ షాపులో లేజర్ ప్రింటర్ మీద ఓహెచ్‌పీ షీట్‌కి, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్‌కి, తీయించండి. షీట్ లేజర్‌కి పనికొచ్చేదేనా అని అడగండి, పల్చటి మామూలు ప్లాస్టిక్ షీట్ ఇస్తే వాళ్ళ మెషీన్‌లో కరిగి అతుక్కుపోతుంది, తర్వాత ఆ షాపుకి మీరు మొహం చూపించలేరు. ఇంట్లో ఇంక్‌జెట్ ఉంటే దానికి వేరే షీట్ ఉంటుంది, ఒకవైపు గరుకుగా ఉంటుంది, ఆ గరుకు వైపే ప్రింట్ తీయాలి.

లేజర్ నలుపు పైకి నల్లగానే కనిపిస్తుంది గానీ ఎండ దాన్ని దాటేస్తుంది. నెగటివ్‌ని బల్బు వెలుగుకి ఎదురుగా పట్టుకుని చూడండి, నల్లటి చోట బల్బు మసగ్గా కనిపిస్తోందంటే చాలదు. అదే నెగటివ్ రెండు కాపీలు తీయించి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా కలిపి అంచున టేపు వేయండి. ఇది ఒక్కటి చేస్తే సగం మంది ప్రింట్లు బాగుపడతాయి.

ఓహెచ్‌పీ దొరకని ఊళ్ళో ట్రేసింగ్ పేపర్ మీద తీయించొచ్చు. అదీ లేదంటే మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, వెనక కొబ్బరినూనె పల్చగా రాసి, అదనపు నూనె పాత గుడ్డతో పూర్తిగా అద్దేస్తే కాగితం పారదర్శకంగా అవుతుంది. ఎండలో టైమ్ బాగా ఎక్కువ పడుతుంది, కాగితం గరుకు ప్రింట్‌లో కనిపిస్తుంది, ఆ గరుకు కోసమే నేను కొన్నిసార్లు కావాలని అలా చేస్తా. పూసిన కాగితానికీ దానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ కవర్ వేయడం మర్చిపోవద్దు, లేకపోతే నూనె అంటుతుంది.

4. ఎండలో పెట్టడం

కింద ప్లైవుడ్, దానిమీద పూసిన కాగితం, దానిమీద నెగటివ్ ఇంకు వైపు కిందకి, పైన అద్దం, నాలుగు వైపులా క్లిప్పులు. అద్దం మామూలు పల్చటిదే వాడండి. యాక్రిలిక్ షీట్‌లు, కారు అద్దాల్లాంటి పొరల అద్దాలు కొన్ని అల్ట్రావయొలెట్‌ని ఆపేస్తాయి, అది తెలియక గంటసేపు ఎండలో పెట్టి ఏమీ రాలేదని తలపట్టుకున్నవాళ్ళున్నారు.

ఎంతసేపు అనేదానికి నేను చెప్పే నంబర్లు మొదలుపెట్టడానికే. ఏప్రిల్, మే నెలల్లో పది నుంచి రెండింటి మధ్య ఓహెచ్‌పీ నెగటివ్‌కి 5 నుంచి 8 నిమిషాలు, డిసెంబర్ ఎండకి 10 నుంచి 15, మబ్బు పట్టిన రోజు అరగంట, ఒక్కోసారి ఇంకా పైనే. మీ నెగటివ్, మీ డాబా, మీ అద్దం వేరు కాబట్టి టెస్ట్ స్ట్రిప్ తప్పదు. రెండు వేళ్ళ వెడల్పు ముక్క పూసింది తీసుకుని, మీద నెగటివ్ ముక్క పెట్టి, అట్టతో మొత్తం కప్పేసి, రెండు నిమిషాలకోసారి అట్టని కొంచెం జరుపుతూ పోండి. 2, 4, 6, 8, 10 నిమిషాల పట్టీలు ఒకే ముక్క మీద వస్తాయి, కడిగి ఆరబెట్టి ఏది బాగుందో అదే మీ టైమ్. పది రూపాయల కాగితం ముక్కతో అయ్యే పని ఇది, అయినా అందరూ దాటేసేది ఇదే.

రంగు చూసి చెప్పడం కూడా నేర్చుకోండి. ముందు పసుపుపచ్చ, తర్వాత నీలిపచ్చ, తర్వాత ముదురు నీలం, ఆ తర్వాత నీడల భాగాలు మాడిపోయిన గిన్నె అడుగులా బూడిద గోధుమ రంగులోకి తిరుగుతాయి. చాలామంది నీలం కనపడగానే "వచ్చేసింది" అని తీసేస్తారు, అప్పుడే కాదు! కడిగితే రంగు చాలా దిగుతుంది, అందుకే బొమ్మ బాగా మాడినట్టు, ఇక పాడైపోయిందేమో అనిపించేదాకా ఉంచాలి. నీడల్లో బూడిద రంగు కనిపించడమే గుర్తు.

మే నెల ఎండలో ఇంకో తంటా ఉంది. కాగితంలో ఏ కాస్త తడి ఉన్నా అద్దం లోపల ఆవిరి పట్టి మచ్చలొస్తాయి. ఒక నిమిషంలోనే అద్దానికి ఆవిరి కనిపించిందంటే కాగితం ఆరలేదని అర్థం, తీసేయండి.

5. కడగడం, అసలు కథ ఇక్కడే

నాకొచ్చే ప్రశ్నల్లో ఎక్కువ "కెమికల్ నకిలీదేమో" అనే వస్తాయి. అడిగి చూస్తే చాలాసార్లు కెమికల్ బాగానే ఉంటుంది, నీళ్ళదే తప్పు. ఈ నీలానికి క్షారం, అంటే సోడా, సున్నం లాంటిది, పడదు. మన దగ్గర బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టి నీళ్ళు, బకెట్లకి తెల్లగా పొర కట్టే రకం. ఆ నీళ్ళల్లో పావుగంట నానితే నీలం పాలిపోయి ఉతికిన జీన్స్ రంగులోకి వస్తుంది.

నేనొకసారి ఒకచోట పిల్లలకి నేర్పిస్తూ ఇరవై ప్రింట్లు ఒకేసారి టబ్బులో వేయించా. ఎండలో అద్భుతంగా వచ్చిన ప్రింట్లు కళ్ళముందే వెలిసిపోయాయి, పిల్లలు నా మొహం చూస్తున్నారు, నేను టబ్బు చూస్తున్నా. ముందురోజే ఓవర్‌హెడ్ ట్యాంకుని బ్లీచింగ్ పౌడర్‌తో కడిగారట, ఆ మాట తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. అప్పట్నుంచి ఎక్కడికెళ్ళినా ముందు ఒక పాడు ప్రింట్ ముక్కని అక్కడి నీళ్ళల్లో వేసి అరగంట చూసి గానీ మొదలుపెట్టను.

పద్ధతి ఇది:

మొదటి టబ్బులో లీటరు నీళ్ళకి ఒక చెంచా వెనిగర్ లేదా అర చెక్క నిమ్మరసం వడగట్టి వేయండి. ప్రింట్‌ని బోర్లా పడుకోబెట్టి మెల్లగా ఊపుతూ రెండు మూడు నిమిషాలు ఉంచండి, పసుపుపచ్చ రంగు నీళ్ళల్లోకి దిగుతుంది. తర్వాత రెండో టబ్బులో మామూలు నీళ్ళు, మూడు నాలుగుసార్లు మారుస్తూ మొత్తం పది పదిహేను నిమిషాలు. మీ నీళ్ళు బాగా గట్టివైతే ఆర్‌ఓ నీళ్ళు వాడండి, వానాకాలంలో వాన నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టుకున్నా కడగడానికి పనికొస్తాయి. ఆర్‌ఓ మెషీన్ పక్క పైపు నుంచి బయటికి పోయే నీళ్ళు మాత్రం వద్దు, వడగట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ట్యాప్ ధార నేరుగా బొమ్మ మీద పడనివ్వకండి.

చెక్: తెల్లగా ఉండాల్సిన చోట పసుపు ఛాయ కొంచెం కూడా ఉండకూడదు. తడి ప్రింట్‌ని పైకెత్తి మూల నుంచి కారే చుక్కని తెల్ల ప్లేట్ మీద పట్టి చూడండి, నీళ్ళలా ఉంటే అయినట్టు. పసుపు మిగిలిపోతే ఆరాక వెలుతురులో ఆ తెలుపంతా నెమ్మదిగా నీలమవుతుంది. అలాగని గంటలు గంటలు నానబెట్టినా నష్టమే, మధ్య ఛాయలు పోతాయి.

కడిగాక నీలం ఇంకా పాలిపోయినట్టే ఉంటుంది, గాలికి ఒక రోజులో ముదురుతుంది. ఆగలేకపోతే లీటరు నీళ్ళల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి రెండు మూతలు వేసి అందులో అరనిమిషం ముంచండి, కళ్ళముందే ఇంకు పోసినట్టు ముదురు నీలం అవుతుంది, మొదటిసారి చూసినవాళ్ళు తప్పకుండా "అబ్బా" అంటారు. చివరి ఫలితంలో పెద్ద తేడా ఉండదు, ఇది ఓపిక లేనివాళ్ళ కోసం. ఆ తర్వాత ఒకసారి కడిగి, నీడలో తీగ మీద క్లిప్పులతో వేలాడదీయండి.

6. గుడ్డ మీద చేయాలంటే

కాటన్, ఖాదీ, మల్లు గుడ్డ, పట్టు అన్నీ పనికొస్తాయి, పాలిస్టర్ కలిసినది పనికిరాదు. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, వేడినీళ్ళల్లో కొంచెం వాషింగ్ సోడా వేసి ఉడికించి, తర్వాత సోడా అనేది ఆనవాలు లేకుండా నాలుగైదుసార్లు జాడించాలి, మిగిలితే మళ్ళీ అదే క్షారం సమస్య. కాగితం కంటే గుడ్డ ద్రావణాన్ని రెట్టింపు పైనే తాగుతుంది, లెక్క పెంచుకోండి.

శ్రీకాళహస్తి, పెడన వైపు కలంకారీ చేసేవాళ్ళ దగ్గర కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ చూసి "ఇది రెడీగా ఉంది కదా" అని తెచ్చేసుకోకండి. కరక్కాయ వగరుకి ఇనుము తగిలితే నల్లబడుతుంది, ఇనుపముక్కలు బెల్లంలో ఊరబెట్టి వాళ్ళు వేసే నలుపు పనిచేసేది అలాగే. మన ద్రావణం నిండా ఇనుమే కాబట్టి ఆ గుడ్డకి పూస్తే ఎండ తగలకముందే నల్లగా అయిపోతుంది.

గుడ్డ ప్రింట్‌ని తర్వాత డిటర్జెంట్‌తో ఉతికితే పసుపు మరకలు మిగులుతాయి. కుంకుడుకాయ రసం వాడండి, దాంట్లో క్షారం లేదు.

7. నీలం వద్దనుకుంటే: టోనింగ్

పైన శత్రువన్న క్షారాన్నీ వగరునీ ఇక్కడ మనమే పిలుస్తాం. ప్రింట్ తీసి కనీసం ఒక రోజు ఆరనివ్వండి. లీటరు నీళ్ళల్లో అర చెంచా వాషింగ్ సోడా కరిగించి, ప్రింట్ ముంచి కళ్ళప్పగించి చూడండి. పది సెకన్ల నుంచి నిమిషంలోపు నీలం వెలిసి పసుపుగా అవుతుంది. పూర్తిగా పోనివ్వొచ్చు, సగంలో తీసేయనూవచ్చు, సగంలో తీస్తే నీడల్లో నీలం మిగిలి రెండు రంగులొస్తాయి. బాగా కడిగి, చిక్కటి టీ డికాక్షన్ చల్లార్చి అందులో అరగంట నుంచి రెండు గంటలు ఉంచండి, గోధుమ, ఊదా కలిసిన రంగొస్తుంది. పాలు, చక్కెర వేయని టీ అని చెప్పాల్సిన పనిలేదనుకున్నా, చెప్పాల్సొచ్చింది ఒకసారి. కరక్కాయ పొడి నానబెట్టి వడగట్టిన నీళ్ళల్లో వేస్తే ఇంకా నల్లగా వస్తుంది, నాకు టీ కంటే ఇదే ఇష్టం. రెండింట్లోనూ కాగితం తెలుపు కొంచెం మట్టిరంగుకి తిరుగుతుంది, అది తప్పించుకోలేం, తెలుపు తెల్లగానే ఉండాలంటే టోనింగ్ చేయకండి.

కెమికల్స్ అసలే వద్దంటే: పసుపు ప్రింట్

రెండు చెంచాల పసుపు 100 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, తేరాక వడగట్టి, ఆ పైతేట కాగితానికి పూయండి. స్పిరిట్ కాబట్టి దగ్గర్లో దీపం, స్టవ్, అగరొత్తి ఏదీ ఉండకూడదు. ఎండ పసుపుని వెలిసేలా చేస్తుంది, కాబట్టి ఇక్కడ నెగటివ్ కాదు, మామూలు బొమ్మనే ఓహెచ్‌పీ మీద తీయించాలి, ఇన్వర్ట్ చేయొద్దు. మన ఎండకి రెండు మూడు గంటల నుంచి ఒక పూట పడుతుంది. తర్వాత వాషింగ్ సోడా కలిపిన నీళ్ళు పల్చగా స్ప్రే చేస్తే మిగిలిన పసుపు ఎర్రబడుతుంది, పసుపు సున్నం కలిపితే పారాణి అయినట్టే. దీన్ని నిలబెట్టే మందేదీ లేదు, వెలుతురులో పెడితే వెలిసిపోతుంది. పుస్తకంలో పెట్టి అప్పుడప్పుడు తీసి చూసుకోవాలి, స్కాన్ చేసి దాచుకోవాలి.

మళ్ళీ మళ్ళీ వచ్చే ఇబ్బందులు

*బొమ్మంతా కడుగుతుంటే జారిపోయింది.* ఎండ చాలలేదు, లేదా తడి ఆరకుండా పెట్టారు. రెట్టింపు టైమ్ ఇచ్చి చూడండి. అప్పటికీ జారితే కాగితం ద్రావణాన్ని పీల్చుకోవట్లేదు, పైపూత ఉన్న నున్నటి కాగితం అయ్యుంటుంది.

*తెలుపు రావట్లేదు, అంతా లేత నీలం.* మూడు కారణాలు, ఈ వరసలోనే చూడండి. నెగటివ్ పల్చన, పూసిన కాగితం పాతబడింది, పూసేటప్పుడో ఆరబెట్టేటప్పుడో వెలుతురు తగిలింది. ఏదో తేల్చాలంటే పూసిన ముక్కని ఎండలో పెట్టకుండానే నేరుగా కడగండి. తెల్లగా అయితే కాగితం మంచిదే, నెగటివ్ మార్చండి.

*బొమ్మ మసగ్గా ఉంది.* నెగటివ్ కాగితానికి ఆనలేదు. క్లిప్పులు పెంచండి, ప్లైవుడ్ మీద పల్చటి స్పాంజి షీట్ వేయండి, ఇంకు వైపు కిందకే ఉందా చూడండి.

*నీలం చుక్కలు.* తుప్పు. బ్రష్ పట్టీ, నీళ్ళ పైపు, స్టేపుల్ పిన్, ఎక్కడో ఇనుముంది.

*గోడకి పెట్టాక వెలిసింది.* నేరుగా ఎండ పడేచోట పెట్టారు. కొన్ని రోజులు చీకటి గదిలో గాలి తగిలేలా ఉంచండి, చాలావరకు నీలం తిరిగొస్తుంది, ఈ ప్రింట్‌కున్న చిత్రమైన గుణం ఇది. సబ్బుకో సోడాకో వెలిసినది మాత్రం తిరిగిరాదు.

ఇంకొక్కటి, ఆర్ట్‌గా చేసేవాళ్ళకి

ఫైన్ ఆర్ట్స్ పిల్లలు ఎక్కువగా అడిగేది "దీన్ని నా వర్క్‌లో ఎలా కలపాలి" అని. ముందు ఒకే బొమ్మని పన్నెండుసార్లు తీయండి, ఒక్కోసారి ఒక్క విషయమే మార్చండి. టైమ్ మారిస్తే కాగితం మార్చొద్దు, కాగితం మారిస్తే నీళ్ళు మార్చొద్దు. ప్రతి ప్రింట్ వెనక నిమిషాలు, గంట, ఎండ ఎలా ఉంది, ఏ నీళ్ళు, అన్నీ పెన్సిల్‌తో ఉండాలి. ఆ పన్నెండూ వరసగా గోడకి అంటిస్తే మీకేం కావాలో అవే చూపిస్తాయి, తర్వాత ఓహెచ్‌పీ మీద మార్కర్‌తో గీసినా, ప్రింట్ మీద ఎంబ్రాయిడరీ కుట్టినా, టోనింగ్ సగంలో ఆపినా తెలిసి చేసినట్టుంటుంది. బాగా వచ్చిన ఒక్కటే దాచుకుని మిగతావి చింపేసేవాళ్ళున్నారు, చింపకండి. నా దగ్గర బాగా అమ్ముడైన సిరీస్ మొదలైంది ఆ బ్లీచింగ్ నీళ్ళల్లో వెలిసిపోయిన ఒక ప్రింట్ నుంచే, అదే రంగు మళ్ళీ రప్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది, ఎందుకంటే ఆ రోజు ప్రింట్ వెనక నేను ఏమీ రాసుకోలేదు.